కళ్ళు సర్దుకోనివ్వండి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వీడియో గేముల్లో వెలుగునీడలకు ప్రోగ్రాములు రాయడం నా వృత్తి. "ఇంత వయసొచ్చీ ఇంకా ఆటలేనా?" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ పనిలో మన బడి నేర్పిన ఒక సంగతి చెబుతాను.

మధ్యాహ్నం ఎండలో ఆడి తరగతిలోకి పరుగెత్తుకొస్తే బోర్డు కనిపించేది కాదు. మా లెక్కల మాస్టారు సుద్దముక్క పట్టుకుని కాసేపు ఊరికే నిలబడేవారు. "కళ్ళు సర్దుకోనివ్వండిరా" అనేవారు.

మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సులు. గదిలో వెలుగు కొన్ని వందలే. కన్ను రెండింటికీ సర్దుకుంటుంది. మామూలు కంప్యూటర్ తెరకు మాత్రం ఒక్కో రంగులో 256 మెట్లే ఉంటాయి. అందుకే పాత ఆటల్లో సూర్యుడూ, సున్నం గోడా ఒకే తెలుపు. హెచ్‌డీఆర్ పద్ధతిలో వెలుగును ముందు విశాలమైన కొలతల్లో లెక్కగట్టి, చివర్లో తెరకు సరిపడేలా కుదిస్తాం. 2005లో వాల్వ్ సంస్థ 'హాఫ్-లైఫ్ 2: లాస్ట్ కోస్ట్'ను విడుదల చేసింది ఈ పద్ధతిని చూపించడానికే.

నీడ లెక్క ఇంకా తేలిక. 1978లో లాన్స్ విలియమ్స్ చెప్పిన ఉపాయం ఇది: దీపం ఉన్నచోట నిలబడి చూడు, అక్కడి నుంచి కనిపించనిదంతా నీడే.

ఈ లెక్కలన్నీ సరిగ్గానే వేసి, నా మొదటి ఆటలో నేను బోల్తాపడ్డాను. నీడల్ని కటిక నలుపు చేశాను. ఎండలోంచి గదిలోకి రాగానే తెర కాంతి ఠక్కున మారిపోయేలా పెట్టాను. ఆడి చూసిన కుర్రాళ్ళు కళ్ళు లాగుతున్నాయన్నారు. రెండు వారాలు సూత్రాల్లో తప్పు వెతికాను. దొరకలేదు.

అప్పుడు మాస్టారి మాట గుర్తొచ్చింది. తెర కాంతి మెల్లగా, రెండు మూడు సెకన్లలో సర్దుకునేలా మార్చాను. నీడలో ఆకాశపు వెలుగు, నేల మీంచి తిరిగొచ్చే వెలుగు కలిపాను. ఆట బతికింది.

ఈ సంగతి ఆయనకు చెప్పాలనుకున్నాను. వచ్చే సెలవులకు, ఆపై సెలవులకు అంటూ వాయిదా వేశాను. ఈలోపు ఆయన వెళ్ళిపోయారు.

పిల్లలూ, రేపు మధ్యాహ్నం చెట్టు నీడలోకి వెళ్ళి ఒక్క నిమిషం నిలబడండి. నీడ నలుపు కాదని మీకే తెలుస్తుంది. మిత్రులారా, మీ మాస్టార్లు ఈ సభలోనే ఉంటే, చెప్పాల్సిన మాట ఇవాళే చెప్పేయండి.

సెలవు.