మోదుగుపువ్వు చెప్పే అలంకార పాఠం



 

ఆగస్టు 9ని ఆదివాసీల దినంగా ఐక్యరాజ్యసమితి 1994లో ప్రకటించింది. ఈ రోజున భూమి గురించి, చదువు గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. మాకు అప్పగించిన విషయం కవిత్వంలో అలంకారం. ఇదీ మన హక్కుల విషయమేనని చెప్పడానికే మేము మీ ముందుకు వచ్చాం.

మీలో చాలామంది డీఎస్సీకి, గురుకుల పోస్టులకు చదువుతున్నారు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగింటినీ కంఠతా పట్టి ఉంటారు. ముఖం ఉపమేయం, చంద్రుడు ఉపమానం అని గుర్తిస్తే మార్కు వస్తుంది. కానీ పుస్తకం అడగని ప్రశ్న ఒకటుంది. ఈ పోలిక చేసిన మనిషి ఎక్కడ నిలబడి చూశాడు?

మన దేశపు అలంకారికులు తరతరాలుగా చెప్పే ఉదాహరణ 'గంగలో గొల్లపల్లె'. నీళ్లలో పల్లె ఉండదు కాబట్టి గంగ ఒడ్డున అని అర్థం తీసుకుంటాం. దాన్ని లక్షణ అంటారు. మరి ఒడ్డున అని నేరుగా చెప్పకుండా గంగలో అనడం ఎందుకు? గంగకున్న చల్లదనం, పవిత్రత ఆ పల్లెకూ ఉన్నాయని మనకు తోచాలని. అలా తోపించే శక్తి వ్యంజన. 9వ శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు అలా తోచే అర్థాన్నే ధ్వని అని, అదే కావ్యానికి ఆత్మ అని తన ధ్వన్యాలోకంలో చెప్పాడు.

అయితే ధ్వని అందరికీ ఒకేలా వినబడదు. కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశీయులు కాలినడకన వెళ్లి గోదావరి నీళ్లు తెస్తారు. ఆ నీటిని గంగ అనే అంటాం. ఆ మాట వినగానే మనకు కాశీ గుర్తుకు రాదు. రోజుల తరబడి నడిచిన దారి, పుష్య అమావాస్య రాత్రి జరిగే పూజ గుర్తుకు వస్తాయి. మాట ఒక్కటే. దాని వెనుక ఉన్న బతుకు వేరు.

ఇప్పుడు మోదుగుపువ్వు దగ్గరికి వద్దాం. సంస్కృతంలో దాన్ని కింశుకం అంటారు. ఎర్రగా, వంపు తిరిగి చిలుక ముక్కులా ఉంటుంది కనుక 'ఇది చిలుకా ఏమి' అనే అర్థంలో ఆ పేరు వచ్చిందని చెబుతారు. హితోపదేశంలో దాని మీద ఒక పోలిక ఉంది. రూపం, వయసు, గొప్ప వంశం ఉన్నా చదువు లేనివారు వాసన లేని మోదుగుపువ్వుల్లా రాణించరని దాని భావం. చదువు గొప్పదని చెప్పడానికి చేసిన పోలిక అది. మాట మంచిదే. కానీ చేసినవాడు పువ్వును వాసన కోసం వెతుక్కున్నాడు.

మనకు మోదుగు అంటే ఏమిటి? ఆకు రాలిపోయిన అడవిలో నిప్పులా వెలిగే చెట్టు. పువ్వును ఉడకబెడితే హోలీ రంగు. ఆకు కుడితే విస్తరి. వేరు నార తీస్తే తాడు. మన పాటలో ఒక పిల్లను మోదుగుపువ్వుతో పోలిస్తే చదువు రానిది అనే అర్థం ఎవరికీ తట్టదు. ఎండిన చోటికి రంగు తెచ్చింది అనుకుంటాం. వాసన లేకపోవడం ఒకరికి లోపం. మనకు ఆ లెక్కే లేదు.

పువ్వు విషయంలో తేడా వస్తే పెద్ద నష్టం లేదు. మనిషి విషయంలో వస్తే నష్టమే. ఆటవికం అంటే అడవికి చెందినది అని మాత్రమే. నాగరికం అంటే నగరానికి చెందినది. ఈ రెండు మాటలు ఊరి పేర్ల వంటివి. కానీ పత్రికల్లో, ఉపన్యాసాల్లో 'ఆటవిక చర్య', 'ఆటవిక రాజ్యం', 'జంగిల్ రాజ్' అని చదువుతుంటాం. అక్కడ అడవి క్రూరత్వానికి ఉపమానం అయింది, నగరం మంచితనానికి ఉపమానం అయింది. రాసేవాళ్లు మనల్ని తిట్టాలని రాయకపోవచ్చు. అయినా వ్యాసరచన పోటీలో మన పిల్లే ఆ మాట రాస్తుంది, బహుమతి కూడా తెచ్చుకుంటుంది. అది తన తాతకు తగులుతుందని ఆమెకు తోచదు. వాడి వాడి అరిగిపోయిన రూపకం పోలికలా కనబడదు, నిజంలా కనబడుతుంది. దాని ప్రమాదం అదే.

అదే జంగల్ అనే మాటను మరోచోట వినండి. 1940లో జోడేఘాట్‌లో అమరుడైన కుమురం భీం పేరుతో మనం చెప్పుకునే నినాదం జల్, జంగల్, జమీన్. మూడూ మామూలు మాటలే. కానీ జల్ అంటే చెలమలోని నీళ్లు మాత్రమేనా? ఆ మూడు మాటలతో మన మొత్తం బతుకును చెబుతున్నాం. అది కూడా లక్షణే. అక్కడ భయపెట్టిన అడవి ఇక్కడ హక్కు అయింది.

అందుకే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీకు రెండు పనులు చెబుతాం.

మొదటిది, మీరు రాసేటప్పుడు క్రూరమైన పనిని క్రూరమైనదనే రాయండి. దానికి అడవిని అడ్డం పెట్టకండి.

రెండోది, పాటల గురించి. ప్రధాన్‌లు కిక్రి మీద పాడే కథలను, అవ్వలు పాడే పెళ్లిపాటలను మీరు ఫోన్లలో రికార్డు చేస్తున్నారు. చాలా మంచి పని. కానీ గొంతు ఒక్కటే దాస్తే సగమే దాచినట్టు. పోలిక వచ్చిన ప్రతిచోటా ఆగి అడగండి. ఇది ఏ చెట్టు, ఏ పిట్ట? ఏ నెలలో కనబడుతుంది? దాన్ని దేనికి వాడతారు? ఈ మనిషిని దానితోనే ఎందుకు పోల్చారు? ఇప్పపువ్వునే తీసుకోండి. బయటివారికి ఆ పేరు వింటే సారా గుర్తొస్తుంది. మనకు తెల్లవారుజామున చెట్టు కింద రాలిన పువ్వు, బుట్టలతో ఏరే తల్లులు, ఎండాకాలం ఆకలి తీర్చిన తిండి గుర్తొస్తాయి. ఉట్నూరులో మన మహిళలు ఇప్పుడు దానితో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఈ సంగతి రాసిపెట్టకపోతే రేపు పాట వినేవారు ఆ పువ్వును మత్తుకు గుర్తుగా తీసుకుంటారు. పాట మనదే ఉంటుంది, అర్థం పరాయిదైపోతుంది.

రాయడానికి సాధనం లేదని ఇక అనలేం. గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. పాటను గోండిలో, అర్థాన్ని తెలుగులో పక్కపక్కన రాయవచ్చు. ఇక్కడున్న ఒక్కొక్కరు మీ ఇంటి నుంచి ఒక్క పాట, అందులోని పోలికల వివరంతో సహా రాసి తెండి. వచ్చే సంవత్సరం సంచికలో వాటికే ముందు పేజీలు ఇద్దాం.