భయపడితే నమ్మినట్టేనా?

యండమూరి వీరేంద్రనాథ్ నవల ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చి పాఠకులను రెండుగా చీల్చింది. తులసి అనే చిన్నపిల్లపై కాష్మోరా అనే చేతబడి ప్రయోగమే కథ. ఊపిరి బిగబట్టి చదివామన్నవారు ఎందరో. మూఢనమ్మకాన్ని పెంచుతోందని రచయిత్రి రంగనాయకమ్మ ఘాటుగా విమర్శించారు.

కల్పనకు ఇంత తగవెందుకని కొందరంటారు. భయపడినంత మాత్రాన నమ్మినట్టు కాదు, ఒప్పుకుంటాను. 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ను అలాగే చదువుతాం. కానీ ఆ రక్తపిశాచి ఉండేది ఎక్కడో ట్రాన్సిల్వేనియా కోటలో. చేతబడి అనుమానం పడేది మాత్రం పక్కింటి ముసలమ్మ మీద; ఆ అనుమానంతో తెలుగు పల్లెల్లో హత్యలే జరిగాయి. అలాంటిచోట, ఈ నవల చేసినట్టు వైద్యాన్నీ మంత్రాన్నీ సమానంగా తూచి చూపడం తటస్థత అనిపించుకోదు. నవలను నిషేధించమనను. పల్లెలోనైనా హైదరాబాదులోనైనా దాన్ని మెచ్చుకునేవారు, ఉత్కంఠతో పాటు ఈ తూకాన్నీ పరిశీలించి అభిప్రాయం చెప్పాలంటాను.