పేకాటలో పట్టువిడుపులు
(ప్రసంగ పాఠము)



కలకత్తాలో పేకాట వట్టి పొద్దుపుచ్చుట కాదు. 2018 జకార్తా ఆసియా క్రీడలలో పురుషుల జంట బ్రిడ్జి పోటీయందు స్వర్ణ పతకము గెలిచిన ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ బెంగాలీలే. 1957 నాటి పశ్చిమ బెంగాల్ చట్టము బ్రిడ్జి, పోకర్, రమ్మీ వంటి ఆటలను జూదమను నిర్వచనము నుండి మినహాయించినది. రమ్మీలో నేర్పే ప్రధానమని సుప్రీంకోర్టు 1967లో సికిందరాబాదు క్లబ్బు ఒకదాని వ్యాజ్యమున తీర్పు చెప్పినది. తరువాత తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ చట్టములను బిగించినవి. సొమ్ము పణముగా నడచు ఆన్‌లైన్ ఆటలను నిషేధించు చట్టమును పార్లమెంటు 2025లో ఆమోదించినది. కావున ఎచ్చట ఏది చెల్లునో తెలిసికొనుట మొదటి పని. ఆ మీదట, నేర్పనగా నేమి యను ప్రశ్న.

మన యిండ్లలో రమ్మీ యెరుగనివా రరుదు. నూటొక్క పాయింట్ల ఆటలో ఆదిలోనే డ్రాపు అన్నచో 20, నడుమ అన్నచో 40, ఆశతో కడదాక కూర్చున్నచో 80 వరకు పడును. పోకరు కిటుకంతయు ఈ డ్రాపులోనే యున్నది.

పోకరులో ప్రతివానికి రెండు ముక్కలు రహస్యముగ పంచుదురు. ఉమ్మడి ముక్కలు ఐదింటిని మొదట మూడు, పిదప ఒక్కొక్కటిగా బల్లపై పరతురు. వీనిలో ఐదింటితో మేలైన కూర్పు చేయగలవానిదే నడుమ కూడిన సొమ్ము. చిన్న ఆటలో పందెము ముందే నిర్ణీతము. మొదటి రెండు విడతలందు 10 రూపాయలు, కడపటి రెండింట 20 అనుకొనుడు.

ఒకని వద్ద ఆఠీనులు నాలుగు కుదిరినవి. ఐదవది పడినచో గెలుపు. మిగిలినది ఒకే ముక్క. అతడు చూడనివి 46. అందు ఆఠీనులు 9. ఎదుటివాడు 20 రూపాయల పందెము వేసినాడు. దానితో కలిపి నడుమ 140 రూపాయలున్నచో, 46 సార్లలో 9 గెలుపులకు 1,260 వచ్చును; 37 ఓటములకు 740 పోవును. అప్పుడు నిలువవచ్చును. నడుమ 60 మాత్రమే యున్నచో వచ్చునది 540, పోవునది అదే 740. అప్పుడు ముక్కలు పడవేయుటే వివేకము. ముక్కలు మారలేదు; లెక్క మారినది.

బలమైన కూర్పు చేతనున్నచో జంకక పందెము వేయవలెను. చిన్న ఆటలో “ఇరువదియే గదా, చూతము” అని కూర్చుండువారే యెక్కువ; వారే సొమ్ము చెల్లింతురు. అట్టివారిని వట్టి చేతితో బెదిరించి లేపుట మాత్రము కల్ల. కూర్పు నడిమిరకమై, ఎవ్వరును పందెము వేయనిచో, ‘చెక్’ అని ఊరకుండి తదుపరి ముక్కను ఖర్చు లేక చూడవలెను. ఎన్నడును తెగింపని జంకుగొట్టు పందెము పెంచినచో, లేచుట మేలు.

అయినను పెక్కుమందిని ముంచునది లెక్క తెలియమి కాదు. “ఇంత పెట్టితిని, ఇప్పుడెట్లు విడుతును?” అను మాటయే. నడుమ పడిన రూపాయి పెట్టినవానిది కాదు. చేతిలోనున్న రూపాయిని గూర్చియే ఆలోచింపవలెను.

ధర్మరాజు తొలి ద్యూతమున సర్వస్వము నోడినను ద్రౌపది పొందిన వరములచే విముక్తి లభించెను. ధృతరాష్ట్రుడు రాజ్యమును తిరిగి యిచ్చెను. మరల పిలుపు రాగా అతడు మరల కూర్చుండెను. పాచికలలో మోసముండుట నిజమే; కాని అది ఒకసారి చూచిన మోసము. రెండవమారు లేచిపోవలసినవాడు లేవలేదు. ఫలము పండ్రెండేండ్ల వనవాసము, ఒక యేడు అజ్ఞాతవాసము; అనుభవించినవా రింటివారందరు.

నెలజీతము తెచ్చువాని చేతి ముక్కలు ఇంటిల్లిపాదివి. పోయినను బియ్యమునకు, బడి జీతమునకు లోటు రాని మొత్తమును ముందే యేర్పరచుకొని, అది తీరినంతనే లేచి యింటికి పోగలవాడే మంచి ఆటగాడు.