చిత్తకార్తె యెండ - స్వాతికార్తె చలువ

ఋతుపవనము వెనుకకు మరలు దినములలో, తెలంగాణమునందును రాయలసీమయందును ఒక విచిత్రమైన యెండ కాయును. వేసవి యెప్పుడో వెళ్లినదని నిశ్చింతగా నున్న జనులు ఆ యెండకు ఉక్కిరిబిక్కిరి యగుదురు. ఉష్ణమాపకమును చూచినచో రోహిణికార్తెనాటి 42, 43 డిగ్రీలు కానరావు. 33, 34 సెంటీగ్రేడు డిగ్రీలే యుండవచ్చును. అయినను ప్రాణము విలవిలలాడును. కారణమేమి?

చెమట ఆవిరియగుటచేతనే మన శరీరము చల్లబడును. ఈ దినములలో మేఘముల గొడుగు తొలగి, ఎండ సూటిగా నేలను తాకును. నాలుగు నెలల వానకు నానిన నేలనుండియు, చెరువులనుండియు, పైరులనుండియు పగలెల్ల నీటియావిరి లేచుచుండును. గాలి స్తంభించును. తడిసిన గాలి చెమటను ఆరనీయదు. దీనినే వాతావరణ శాస్త్రజ్ఞులు 'అక్టోబరు వేడిమి' యందురు.

వడదెబ్బ వేసవిలోనే తగులునని మనవారి నమ్మకము. పొలములోను రోడ్డుపైనను పనిచేయు కూలికి ఈ నమ్మకము ప్రాణాంతకము కావచ్చును. దాహము వేయకముందే నీరు త్రాగవలెను; ఉప్పు వేసిన మజ్జిగ మేలు. మిట్టమధ్యాహ్నము కొంతసేపు నీడ నుండవలెను. ఎవరికైనను ఒడలు కాలిపోవుచు మాట తడబడినచో, వెంటనే నీడకు చేర్చి, ఒడలు తడిపి, విసరుచు వైద్యునికడకు కొనిపోవలెను. స్పృహలేనివాని నోట నీరు పోయరాదు.

వాతావరణశాఖ 2020లో సవరించిన తేదీలనుబట్టి, నైరుతి ఋతుపవనము పశ్చిమ రాజస్థానమునుండి సామాన్యముగా సెప్టెంబరు 17వ తేదీ ప్రాంతమున మరలుట కారంభించి, అక్టోబరు 15 నాటికి దేశమును విడుచును. అటుపిమ్మట ఉత్తరపు పొడిగాలి మెల్లమెల్లగా దిగివచ్చును. ఆకాశము నిర్మలమగును. పగటివేడిమి రాత్రివేళ అడ్డులేక పైకి పోవును. అక్టోబరు 24వ తేదీ ప్రాంతమున స్వాతికార్తె ప్రవేశించునప్పటికి తెల్లవారుజామున దుప్పటి వెదకుకొందుము. ఈ మార్పును తెలుపుటకు మన యింటి కూజా చాలును: వానకాలమెల్ల అంతగా చల్లబడని నీరు మరల చల్లబడును. గాలి పొడిబారినదనుటకు అదియే గురుతు.

కాని దేహమునకు హాయి గొలుపు ఆ గాలియే నేలలోని తేమను హరించును. కర్నూలు, ప్రకాశము జిల్లాల నల్లరేగడిలో శనగపైరునకు వానలు నిలిపిపోయిన తేమయే ఆధారము. పదును ఆరినచో గింజ మొలవదు. చల్లగాలి తగులగానే రైతు తొందరపడుట అందుకే.

కోస్తావారికి ఈ చలువ ఇంత నెమ్మదిగా రాదు. ఈశాన్యపు గాలి బంగాళాఖాతముమీదుగా వచ్చుచు తేమను మోసికొని వచ్చును. ఇది తుపానుల కాలము కూడ. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటుట మనము మరువరాదు.

ఒకే మాసమున, ఒకే భాష మాటలాడు నేలపై, ఒకచోట నీడయు, ఒకచోట పదునును, ఒకచోట తుపాను హెచ్చరికయు ప్రాణాధారములు. గాలి ఎటు తిరిగినదో కనిపెట్టి మసలుకొనువానికి ఈ ఋతుసంధి సుఖముగా గడచును.