మనిషిని మించిన విల్లు



విల్లంటే తెలియనివాళ్లు ఎవరూ లేరు. రాముడి బొమ్మలో చేతికి విల్లు ఉంటుంది. ఈ రోజు చెప్పుకునేది ఇంగ్లండు దేశపు విల్లు గురించి. అది మనిషి కంటే పొడుగు. అందుకే దానికి పొడుగు విల్లు అని పేరు.

ఇంగ్లండు రాజుకు మేరీ రోజ్ అనే యుద్ధ ఓడ ఉండేది. 1545 జులై 19న అది సముద్రంలో మునిగిపోయింది. ఓడలో 400 మందికి పైగా ఉన్నారు. బతికి బయటపడినవాళ్లు 40 మంది కూడా లేరు. 1982లో ఆ ఓడను పైకి తీశారు. అందులో 137 విల్లులు విరగకుండా దొరికాయి. బాణాలు 3,500కు పైగా దొరికాయి. ఇన్ని వందల ఏళ్లు బురదలో ఉన్నా కర్ర పాడు కాలేదు. ఆ విల్లుల పొడవు ఎంతో తెలుసా? ఇంచుమించు ఆరున్నర అడుగులు!

ఆ విల్లును యూ అనే చెట్టు కర్రతో చేసేవారు. ఎందుకు ఆ కర్రే కావాలి? ఒక పచ్చి కొమ్మను వంచి చూడండి. బయటి వైపు సాగుతుంది. లోపలి వైపు నొక్కుకుపోతుంది. మరీ వంచితే పుటుక్కున విరుగుతుంది. యూ చెట్టులో రెండు రకాల కర్ర ఉంటుంది. లోపల ఎర్రని చేవ. దాని చుట్టూ తెల్ల చెక్క. తెల్ల చెక్క బాగా సాగుతుంది. చేవ ఎంత నొక్కినా తట్టుకుంటుంది. అందుకని పనివాడు రెండూ కలిసి వచ్చేలా కర్రను చీల్చేవాడు. తెల్ల చెక్క బయటికి, చేవ విలుకాడి వైపుకు ఉండేలా చెక్కేవాడు. బయటి వైపు కాస్త చదును. లోపలి వైపు గుండ్రం. రెండు కొసలకు కొమ్ము తొడుగులు. వాటికి నారతో పేనిన అల్లెతాడు. అంతే, విల్లు తయారు!

మంచి యూ కర్ర ఇంగ్లండులో చాలేది కాదు. పై దేశాల నుంచి తెప్పించుకునేవారు. 1472లో ఒక చట్టమే చేశారు. సరుకు తెచ్చే ఓడలు ఆ సరుకుతో పాటు లెక్క ప్రకారం విల్లు కర్రలు కూడా తేవాలన్నారు.

మరి బాణం ఎంత దూరం పోయేది? ఈ కాలంలో అలాంటి విల్లునే చేసి పరీక్షించారు. తేలిక బాణం 328 మీటర్లు పోయింది. బరువు బాణం 250 మీటర్లు పోయింది. అయితే ఆ విల్లును లాగడం మాటలు కాదు. 68 కిలోల బరువును లాగినట్టే. నాలుగైదు నిండు బిందెలను ఒక్కసారి లాగడం అనుకోండి. ఒక్కసారి గాదు, మళ్లీ మళ్లీ లాగాలి!

అంత బలం ఎక్కడి నుంచి వచ్చింది? సాధన నుంచి వచ్చింది. ఇంగ్లండులో హ్యూ లాటిమర్ అనే మత బోధకుడు ఉండేవాడు. ఆయన రైతు బిడ్డ. 1549లో రాజు ముందు మాట్లాడుతూ తన చిన్ననాటి సంగతి చెప్పాడు. విల్లు లాగడం ఆయనకు తండ్రే నేర్పాడట. ఒట్టి చేతులతో లాగొద్దు, ఒళ్లంతా పెట్టి లాగమనేవాడట. వయసుకు తగిన విల్లు కొనిచ్చేవాడట. పిల్లవాడు పెరిగేకొద్దీ విల్లూ పెద్దదయ్యేది.

రాజులకు కూడా ఈ సంగతి తెలుసు. 1363లో మూడో ఎడ్వర్డు రాజు ఒక ఆజ్ఞ వేశాడు. సెలవు రోజుల్లో మగవాళ్లంతా విల్లు సాధన చెయ్యాలి. బంతాటలు, కోడిపందేలు మానెయ్యాలి! తర్వాత 1542లో ఇంకో చట్టం వచ్చింది. 24 ఏళ్లు దాటినవాడు తేలిక బాణంతో 220 గజాల లోపు గురికి కొట్టకూడదు. దగ్గర గురి పిల్లల పని అన్నమాట.

ఈ సాధన యుద్ధంలో అక్కరకొచ్చింది. 1415లో ఆజిన్‌కోర్ట్ అనే చోట ఇంగ్లండు సైన్యం ఫ్రాన్సు సైన్యంతో తలపడింది. ఇంగ్లండు వైపు ఎక్కువ మంది విలుకాళ్లే. అది దున్నిన పొలం. పైగా వాన పడింది. ఇనుప కవచాల ఫ్రాన్సు వీరులు బురదలో దిగబడ్డారు. పైనుంచి బాణాలు కురిశాయి. చిన్న సైన్యం గెలిచింది. కానీ ఎంతమంది తల్లులకు కడుపుకోత మిగిలిందో!

గెలిచినవాళ్లూ మూల్యం చెల్లించారు. మేరీ రోజ్ ఓడలో అస్థిపంజరాలు కూడా దొరికాయి. కొందరికి భుజం ఎముక కొస పెద్దయ్యాక కూడా అతుక్కోలేదు. చిన్నతనం నుంచి బరువు విల్లు లాగడం వల్లే అలా జరిగిందని పరిశోధకులు అనుకుంటున్నారు.

తర్వాత తుపాకి వచ్చింది. విలుకాడు తయారవడానికి ఏళ్లు పడుతుంది. తుపాకి పట్టడం కొద్ది రోజుల్లో నేర్పొచ్చు. మెల్లగా సాధన తగ్గింది. విల్లు గోడకు చేరింది. రాజు ఆజ్ఞ వేసినా, కర్ర ఓడల్లో వచ్చినా, లాగే చెయ్యి లేకపోతే విల్లు ఒట్టి కర్రే!

అక్కలారా, ఆ విల్లు ఇక ఎవరికీ అక్కర్లేదు. దాని వెనకున్న సంగతి మాత్రం అందరికీ కావాలి. చేతికొచ్చిన విద్య వాడకపోతే నిలవదు. కేంద్రంలో నేర్చుకున్న అక్షరం కూడా అంతే. ముందు చిన్న విల్లు, తర్వాత పెద్ద విల్లు. ముందు బస్సు బోర్డు, తర్వాత రేషన్ కార్డు, ఆ తర్వాత పొదుపు పుస్తకం, పేపరు. రోజూ నాలుగు వరుసలు చదవండి. రెండు వరుసలు రాయండి. దీనికి ఏ రాజు ఆజ్ఞా అక్కర్లేదు!