ఆసుపత్రిలో శుచిత్వము



2022 ఆగస్టు 25వ తేదీన, సాగరు దారిలోని ఇబ్రహీంపట్నము ప్రభుత్వాసుపత్రిలో ఒక్కదినముననే 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగినవి. కొలది దినములలోనే నలుగురు తల్లులు మరణించిరి. సూక్ష్మజీవులు సోకుటయే కారణమని విచారణలో తేలినది. ఒకరికి వాడిన పరికరమును మరియొకరికి వాడుటకు ముందు క్రిమిరహితము చేయవలెను. అందులకు పట్టు సమయము పట్టియే తీరును. వరుస పెరిగినచో మొదట తరిగిపోవునది ఆ సమయమే.

1847లో వియన్నా ప్రసూతి వైద్యశాలయందు సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు క్లోరిను నీటితో చేతులు కడుగుకొనుమని నిర్బంధింపగా బాలింతల మరణములు మిక్కిలి తగ్గినవి. తోటి వైద్యులు పలువురు మెచ్చకపోగా కినిసిరి. పెద్దల చేతులు మలినములనిన ఎవరికి రుచించును?

నల్లగొండ, పాలమూరు పల్లెలనుండి ఆసుపత్రికి పోవువారు "చేతులు కడిగితిరా అమ్మా" అని నర్సమ్మను అడుగుట అమర్యాద కాదు. సూది పొట్లమును తమ యెదుటనే విప్పుమనియు కోరవచ్చును.