తేలు పొట్ట ఎందుకు ఉబ్బింది?

పెద్ద కొడప్‌గల్ లాంటి ఊళ్లలో చేలగట్ల మీద రాయి ఎత్తితే తేలు కనబడడం వింతేం కాదు. దాన్ని గాజుపెట్టెలో పెట్టి పెంచేవాళ్లూ ఉన్నారు, అదీ వింత! ఎక్కువగా పెంచేది మండ్రగబ్బల్లాంటి నల్లతేళ్లను. ఎర్రతేలు జోలికి మాత్రం పోవద్దు, దాని విషం గుండెకే ముప్పు తెస్తుంది.

పెంచే తేలు పొట్ట ఉబ్బితే ముందు దాని వయసు చూడాలి. పూర్తిగా ఎదిగిన తేలు మళ్లీ కుబుసం విడవదు. పిల్లతేలైతే ఆ ఉబ్బు కుబుసానికి కావచ్చు, విడిచే ముందు మేత మానేసి మందకొడిగా పడి ఉంటుంది. దొంగనోట్లు పట్టే అతినీలలోహిత లైటు వేస్తే తేలు మెరుస్తుంది, కానీ కొత్త చర్మం గట్టిపడేదాకా సరిగ్గా మెరవదు.

ఎదిగిన తేలైతే, తిండి పొట్టా, గర్భమా అన్నదే చిక్కు. రెండింటిలోనూ వీపు పలకలు ఎడమై, పక్కల మెత్తని పొర సాగి కనిపిస్తుంది. మగతేలైతే సందేహమే లేదు, అది తిండే. ఆడదైతే మేత తగ్గించి ఓపిక పట్టాలి. తిండి పొట్ట మెల్లగా తగ్గుతుంది, గర్భం తగ్గదు. నెలల తరబడి, కొన్ని జాతుల్లో ఏడాదికి పైగా మోస్తుంది. ఒంటరిగా ఉంచినా ఈనవచ్చు, జతకట్టడం మీ చేతికి రాకముందే జరిగి ఉండవచ్చు.

పిల్లలు తల్లి పొట్ట చీల్చుకు పుడతాయనడం ఒట్టిమాట. తల్లి తెల్లటి పిల్లల్ని కని, అవి మొదటి కుబుసం విడిచేదాకా వీపున ఎక్కించుకు తిరుగుతుంది.